విభజన ఎంజైములపై గురి: ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో జర్మనీ పరిశోధనలు చెబుతున్నదేమిటి?

కణ విభజనకు ‘మైటోసిస్’ అని 1882లో పేరుపెట్టినవాడు కీల్ నగర శాస్త్రవేత్త వాల్తర్ ఫ్లెమింగ్. క్రోమోజోముల పంపకం తప్పితే క్యాన్సర్ పుడుతుందని 1914లో వాదించినవాడు వుర్ట్స్‌బుర్గ్‌లోని థియోడోర్ బోవెరి. విభజనను మందుతో ఆపే ప్రయత్నంలోనూ జర్మనీది పెద్ద పాత్రే. దొరికిన ఫలితాలు మాత్రం ఇప్పటికి అంతంతమాత్రమే.

మొదట దృష్టి పడింది పోలో-లైక్ కైనేజ్ 1, అంటే పీఎల్‌కే1 అనే ఎంజైమ్ మీద. నాన్-స్మాల్ సెల్ రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 121 మందిని ఫ్రాంక్‌ఫర్ట్ పరిశోధకులు పరిశీలించి, కంతిలో ఇది ఎక్కువగా ఉన్నవారి ఆయుష్షు తక్కువగా ఉందని 1997లో ప్రకటించారు. అయితే జోరుగా పెరిగే కంతిలో విభజన ఎంజైములు ఎలాగూ ఎక్కువే ఉంటాయి. అది జబ్బును నడిపిస్తోందా, జబ్బు జోరుకు గుర్తు మాత్రమేనా అన్నది ఈ లెక్కతోనే తేలదు.

బోరింగర్ ఇంగెల్‌హైమ్ సంస్థ తయారుచేసిన బీఐ 2536 ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. మామూలుగా విభజనకు సిద్ధమైన కణంలో రెండు ధ్రువాలు ఎడంగా జరిగి, క్రోమోజోములను చెరో వైపుకు లాగుతాయి. ఈ మందు పడ్డ కణంలో ధ్రువాలు విడిపోవు. ఒకే ధ్రువం చుట్టూ క్రోమోజోములు వలయంలా చేరి, కణం అక్కడే ఆగిపోతుంది, చాలాసార్లు చనిపోతుంది. ప్రయోగశాలలో ఇది స్పష్టంగా కనిపించింది.

రోగుల్లో అంత స్పష్టత లేదు. కీమోథెరపీ తర్వాత జబ్బు తిరగబెట్టిన 95 మందిపై జర్మన్ వైద్యులు జరిపిన రెండో దశ పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. కంతి కుదించుకుపోయింది నలుగురికే. జబ్బు ముదరకుండా నిలిచిన మధ్యస్థ కాలం సుమారు ఎనిమిది వారాలు. తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవడం తరచూ కనిపించింది. తర్వాత వచ్చిన, అదే ఎంజైమ్‌ను అడ్డుకునే వోలాసెర్టిబ్‌నూ పలు దేశాల్లో పరీక్షించారు. 2015 నివేదిక ప్రకారం ఆ మధ్యస్థ కాలం వోలాసెర్టిబ్ ఒక్కటే ఇచ్చినప్పుడు 1.4 నెలలు, పెమెట్రెక్సెడ్ అనే కీమోథెరపీ మందుతో కలిపి ఇస్తే 3.3, పెమెట్రెక్సెడ్ ఒక్కటే ఇస్తే 5.3. కొత్త మందు కలపడం వల్ల అదనపు మేలు కనిపించలేదన్నమాట.

నా దృష్టిలో కీలకమైన చిక్కు ఇదీ: రక్తకణాలను తయారుచేసే ఎముక మూలుగ కణాలు రోజూ విభజన చెందుతూనే ఉంటాయి, కంతిలో మాత్రం ఏ క్షణాన చూసినా విభజనలో ఉన్న కణాలు కొద్దే. కాబట్టి మందు దెబ్బ ముందు రక్తానికి తగులుతుంది, కంతికి సరిపడా మోతాదు ఇవ్వడం కష్టమవుతుంది. అలాగని దారి మూసుకుపోయిందనడం తొందరపాటే. విభజనను దెబ్బతీసే పాక్లిటాక్సెల్ ఇవాళ్టికీ ఊపిరితిత్తుల క్యాన్సర్ చికిత్సలో ఉంది.

ఎవరికి ఇవ్వాలన్నదే అసలు ప్రశ్న. స్మాల్ సెల్ రకం క్యాన్సర్ కణాల్లో మిక్ అనే జన్యువు ప్రతులు పెరిగినవి అరోరా కైనేజ్ అనే మరో విభజన ఎంజైమ్ నిరోధకాలకు లొంగుతాయని కొలోన్ బృందం 2012లో చూపింది. ఆ కోవకు చెందిన అలిసెర్టిబ్‌ను పాక్లిటాక్సెల్‌తో కలిపి పరీక్షించిన ఫలితాలు 2020లో వచ్చాయి. కంతిలో మిక్ ప్రోటీన్ కనిపించిన రోగుల్లో జబ్బు ముదరని కాలం 4.64 నెలలు, పాక్లిటాక్సెల్ మాత్రమే తీసుకున్నవారిలో 2.27. ఆ ప్రోటీన్ కనిపించనివారిలో ఆ మేలు లేదు. అయితే ఈ వర్గీకరణ, కంతి ముక్క పరీక్షకు దొరికిన కొద్దిమందిలో చేసినది. రోగులను మిక్ ఆధారంగా ముందే ఎంపిక చేసి జరిపే పరీక్షలో ఇదే తేడా మళ్ళీ కనిపించేదాకా, దీన్ని చికిత్సకు ఆధారంగా తీసుకోలేం.