మద్రాసు నుండి డర్బనుకు ఎంత దూరం?

మద్రాసు నుండి దక్షిణాఫ్రికాలోని డర్బను రేవుకు, భూగోళం మీద కొలిస్తే, అతి దగ్గర దారి సుమారు 7,100 కిలోమీటర్లు. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో సాగే విమానం ఎక్కడా ఆగకుండా పోతే ఎనిమిదిన్నర గంటలలో చేరుతుంది. అయితే ఈ రెండు నగరాల మధ్య ప్రయాణకాలాన్ని నిర్ణయించినది సముద్రం ఒక్కటే కాదు. ఓడలతో, విమానాలతో పాటు చట్టాలు కూడా దానిని నిర్ణయించాయి.

1860 అక్టోబరులో 342 మందితో మద్రాసు విడిచిన ట్రూరో నౌక నవంబర్ 16న డర్బను చేరింది. సుమారు అయిదు వారాల ప్రయాణం. నాటి నుండి 1911 వరకు 1,52,000 మందికి పైగా ఒప్పంద కూలీలు నటాలుకు చేరారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడ ఎక్కినవారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వారిలో ఎందరో ఉన్నారు.

నిర్ణీత కాలం పనిచేసినవారికి తిరుగు ప్రయాణం ఉచితమనే హామీ ఉండేది. కానీ చాలామంది అక్కడే ఉండిపోదలచారు. అది నచ్చని నటాలు ప్రభుత్వం 1895లో ఒక చట్టం చేసింది. ఒప్పందం ముగిశాక స్వేచ్ఛగా స్థిరపడదలచినవారు ఏటా మూడు పౌండ్ల పన్ను కట్టాలి. కూలీకి తొలి ఏడాది నెల జీతం పది షిల్లింగులు. ఆ లెక్కన పన్ను ఆరు నెలల జీతంతో సమానం. కట్టలేనివారికి మిగిలినవి రెండే దారులు: మళ్ళీ ఒప్పందంలో చేరడం, లేదా ఓడ ఎక్కడం. 1914లో ఆ పన్ను రద్దయింది. కానీ అంతకు ముందు ఏడాదే వచ్చిన వలస చట్టం భారతదేశం నుండి కొత్తవారి రాకను దాదాపుగా నిలిపివేసింది.

విమానయుగం వచ్చేసరికి రాజకీయాలు అడ్డు నిలిచాయి. వర్ణవివక్షకు నిరసనగా 1946లో భారతదేశం దక్షిణాఫ్రికాతో వ్యాపార సంబంధాలు తెంచుకుంది. ఆ దేశానికి చెల్లదన్న ముద్ర మన పాస్‌పోర్టుల మీద చాలాకాలం ఉండేది. బొంబాయి నుండి ఓడల రాకపోకలు కొంతకాలం సాగినా, మామూలు కుటుంబానికి అది సులువైన ప్రయాణం కాదు. 1993లో దౌత్య సంబంధాలు తిరిగి ఏర్పడ్డాయి. నేడు దుబాయి మీదుగా వెళితే దారి సుమారు 9,600 కిలోమీటర్లు. గాలిలో గడిపే కాలం పన్నెండు గంటల పైమాటే.

ఓడ ఎక్కినవారి జాబితాలు నేటికీ భద్రంగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, వీటితో పాటు ఒంటిమీది మచ్చలు కూడా అందులో నమోదయ్యాయి. పుట్టుమచ్చలనూ మానిన గాయాల గుర్తులనూ రోజూ చూసే వైద్యుణ్ణి నేను. ఒక మనిషి గుర్తింపును ఒక మచ్చకు కుదించిన ఆ వరుసలను నిర్వికారంగా చదవలేను. ఊళ్ళ పేర్లను గుమాస్తాలు తమ చెవికి తోచినట్లు ఇంగ్లీషు అక్షరాలలో రాశారు. పూర్వీకుల ఊరు వెతుకుతూ వచ్చే అయిదవ తరం వారిలో ఎక్కువమందికి తెలుగు రాదు. ఆ అక్షరాల వెనుక ఉన్నది ఏ పల్లెయో, ఏ పేటో, ఏ వలసో పోల్చి చెప్పడానికి కావలసినది మన ఊళ్ళ పేర్లు ఎరిగిన తెలుగు చెవి. అది మనకు ఉంది. విమానం వారిని చెన్నై దాకా చేర్చగలదు. అక్కడి నుండి వారి ఊరికి దారి చూపడం మనవంటివారు చేయగల పని.