పదముల తుదిలోని చరిత్ర

కమాన్‌పూర్ పరిసరములయందలి పెద్దలు పలువురు "మాకు ఇంగ్లీషు రాదు" అని చెప్పుచుందురు. ఆ మాట సగమే నిజము. తహసీల్దారు, జమీందారు, జమాదారు అను మాటలను వారికి ఏ బడిపంతులును నేర్పలేదు. అయినను తుదిని 'దారు' వినబడినంతనే, దేనినో తన చేత నుంచుకొన్నవాడని వారు గ్రహించిరి. జమీ యనగా భూమి, తహసీలనగా వసూలు. దవాఖానా, కార్ఖానా, బందీఖానా అను మూడింటిని విన్నవారికి 'ఖానా' యనగా ఇల్లని వేరుగా చెప్పవలసిన పనిలేదు. మన యూరి పేరులోని 'పూర్' సైతము పురమే గదా!

ఈ పదాంతములు మనకు కచేరీలనుండి వచ్చినవి. నిజాము రాజ్యమున మొదట పారసీయు, 19వ శతాబ్దపు చివరి పాదమునుండి ఉర్దూయు రాజభాషలై యుండెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను ఉర్దూయే బోధనభాష యయ్యెను. నవీనశాస్త్రములకు మాటలు చాలకపోగా, వహీదుద్దీన్ సలీం అను పండితుడు 1921లో పరిభాషా నిర్మాణమును గూర్చి ఒక గ్రంథము వ్రాసి, ప్రత్యయములతో క్రొత్త పదములు కట్టు విధమును చర్చించెను. పండితులు గ్రంథములయందు చర్చించిన యీ పని ప్రజల నోట ఏ చర్చయు లేకయే జరిగిపోయినది. మన 'వీలునామా'ను చూడుడు. అందు 'విల్' ఇంగ్లీషు, 'నామా' పారసీ, దానిని పలుకు నోరు తెలుగు.

1948లో హైదరాబాదు భారతదేశమున చేరిన పిదప కచేరీలలో ఉర్దూ వెనుకబడినది. 1960 ప్రాంతమున రామగుండము ప్రక్క బొగ్గుగనులు తెరువబడగా, నాగలి విడిచి గనిలో దిగిన రైతుబిడ్డలకు మరియొక పదాంతము ఎదురైనది. బొగ్గును టబ్బులకెత్తువాడు ఫిల్లరు. టబ్బులను నెట్టువాడు ట్రామరు. మందుగుండు పేల్చువాడు షాట్‌ఫైరరు. మన వేటకాడు, పాటకాడు అను మాటలలో 'కాడు' చేయు పనినే ఇచ్చట 'అరు' చేయుచున్నది. విచిత్రమేమన, వీరి నడుమ పాత 'దారు' చెక్కుచెదరక నిలిచినది. బొగ్గుగనుల నిబంధనలయందు ఓవర్‌మన్ ప్రక్కనే సర్దారు అను నుద్యోగి గలడు. 'సర్' అనగా తల.

ఇంగ్లీషువారికిని మనకు జరిగినట్లే జరిగినది. 1066లో నార్మండీ ప్రభువగు విలియము ఇంగ్లండును జయించెను. పాలకుల భాష ఫ్రెంచి యయ్యెను. గవర్నమెంటు, పేమెంటు అను మాటల తుదినున్న 'మెంటు' ఆ దారిని వచ్చినదే. పాలితులు ఊరకుండలేదు. తినుటకు తమదైన 'ఈట్' అను మాట తుదిని ఫ్రెంచివారి 'ఏబుల్' తగిలించి, తినదగినదానికి 'ఈటబుల్' అనిరి. ఇది మన వీలునామాకు తోబుట్టువు! న్యాయస్థానములలోని ఫ్రెంచి జనులకు బోధపడనందున, వ్యాజ్యములను ఇంగ్లీషున వాదింపవలెనని 1362లో మూడవ ఎడ్వర్డు కాలమున శాసనము చేసిరి. భాష తొలగినను దాని తోకలు దస్తావేజులలో నిలిచిపోయినవి.

ఆ తోకలలో నొకదానితో మనకు నేటికిని పని గలదు. అది 'ఈ'. గనికార్మికుల యిండ్లలో 'నామినీ' అను మాట ఎరుగనివారుండరు. సొమ్ము పొందుటకు పేరు వ్రాయబడినవాడు నామినీ. ఇదే తీరున, పని నిచ్చువాడు ఎంప్లాయరు, ఆ పనిలో పెట్టబడినవాడు ఎంప్లాయీ. భూమిని కౌలుకిచ్చువాడు లెస్సరు, తీసికొన్నవాడు లెస్సీ. తన పొలమును తాకట్టు పెట్టినవాడు మార్ట్‌గేజరు, దానిని పట్టుకొని అప్పిచ్చినవాడు మార్ట్‌గేజీ. కాగితమున తుది యక్షరము తారుమారైనచో భూమి యెవరిదో, అప్పెవరిదో తారుమారగును. వ్రేలిముద్ర వేయుటకు ముందు మనుమనిచేత పదము తుదివరకు చదివించుకొనుట యుక్తము. మనుమలకును పదములను విడివిడిగా వల్లించుటకంటె, తుదినిబట్టి గుంపుకట్టి నేర్చుట తేలిక. స్టేషను, పెన్షను, వెంటిలేషను అను 'షను' గుంపు ఇంటనే దొరకును.

అయితే తోకను చూచి తొందరపడరాదు. దేవదారు దేవతలను చేత నుంచుకొన్న యధికారి కాదు, ఒక చెట్టు. అందలి 'దారు' కొయ్య యను నర్థముగల సంస్కృతపదము. అట్లే 'వాటరు' అనగా నీరు. 'వాట్' అను పని చేయువాడెవడని వెదకినచో ఏ గనిలోను దొరకడు.