గొయానియా నీలికాంతి

అణు ఉగ్రవాదం అనగానే మన కళ్ళ ముందు పుట్టగొడుగు మేఘమే మెదులుతుంది. వైద్యులను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం అంతకంటే చిన్న దాడి: మామూలు మందుగుండుకు రేడియోధార్మిక ధూళిని జతచేసి జనం మధ్య వెదజల్లడం. అటువంటి బాంబు ఎక్కడా పేలిన దాఖలా లేదు. అయినా పేలితే ఆసుపత్రుల గతి ఏమిటో ఊహించవలసిన పని లేదు. బ్రెజిల్‌లోని గొయానియా నగరం 1987లోనే దానిని చూసింది. అక్కడ ఉగ్రవాది లేడు, ఉన్నది వదిలేసి పోయిన ఒక క్యాన్సరు చికిత్సా యంత్రం మాత్రమే.

సెప్టెంబరు 13న ఇద్దరు యువకులు పాడుబడిన క్లినిక్కులోని ఆ యంత్రం తలభాగాన్ని ఊడదీసుకుపోయి, పాత ఇనుప సామాన్ల కొట్టుకు అమ్మారు. లోపల ఉన్నది సుమారు 93 గ్రాముల సీజియం క్లోరైడు. చీకట్లో నీలంగా మెరిసే ఆ పొడిని చూసి కొట్టు యజమాని మురిసిపోయి, బంధుమిత్రులకు పంచిపెట్టాడు. అతని సోదరుడి కూతురు, ఆరేళ్ళ పాప, దానిని ఒంటికి పూసుకుని ఆ చేతులతోనే తిండి తిన్నది.

వాంతులు, విరేచనాలు, చర్మంపై పుండ్లు మొదలైనవారిని చూసి మొదట వైద్యులు ఏదో ఉష్ణమండల వ్యాధి అనుకున్నారు. ఆ పొడికీ ఈ రోగానికీ ముడి వేసింది యజమాని భార్య. సెప్టెంబరు 28న ఆమె మిగిలిన ముక్కలను సంచిలో వేయించుకుని, బస్సెక్కి, ఆరోగ్యశాఖ కార్యాలయంలో వైద్యుని బల్లమీద పెట్టించింది. ఈ చరిత్రలో నాకు అందరికంటే పెద్దగా కనిపించే మనిషి ఆవిడే. మరునాడు ఒక భౌతిక శాస్త్రవేత్త అరువు తెచ్చిన మీటరుతో బయలుదేరితే, ముల్లు ఎటు తిప్పినా చివరికంటా పోయింది. పరికరం చెడిపోయిందనుకుని రెండోది తెచ్చాడు. అదీ అంతే! అతడు చేరేసరికి అగ్నిమాపక దళంవారు ఆ సంచిని నదిలో పడవేసే ఆలోచనలో ఉన్నారట.

తరువాత ఒలింపిక్ స్టేడియంలో 1,12,000 మందికి పైగా పరీక్షించారు. కలుషితమైనవారు 249 మంది. ఈ రెండు అంకెల మధ్య దూరమే అసలు సమస్య. తొలి అరవై వేలమందిలో దాదాపు అయిదు వేలమందికి దద్దుర్లు, వాంతులు వచ్చాయి. వారిలో ఎవరికీ సీజియం అంటలేదు. భయం కూడా వాంతి చేయిస్తుంది. అసలు రోగి ఎవరో తేల్చేది ఓపికతో చేసే మీటరు పరీక్ష, పదేపదే చూసే లింఫోసైట్ల లెక్క. బట్టలు విప్పించి సబ్బుతో స్నానం చేయిస్తేనే ఒంటిమీది ధూళిలో చాలాభాగం పోతుంది. థైరాయిడును కాపాడే అయొడైడు మాత్రలు సీజియం మీద పనిచేయవు.

లోపలికి పోయిన సీజియానికి మందు ప్రష్యన్ బ్లూ. చిత్రకారులు వాడే నీలిరంగే (మెరిసినదీ నీలమే, విరుగుడూ నీలమే!). అది పేగులలో సీజియాన్ని పట్టుకుని మలంతో బయటకు పంపుతుంది. 46 మందికి ఇచ్చారు. ఎముక మజ్జ దెబ్బతిన్నవారికి ఒక్క మందు చాలదు; రక్తస్రావంతోనూ, అంటురోగాలతోనూ నలుగురు అక్టోబరు చివరిలో మరణించారు. వారిలో ఆ పాప, ఆ ఇల్లాలు ఉన్నారు.

పాపను సీసపు శవపేటికలో పూడ్చిపెట్టబోతే జనం రాళ్ళు రువ్వారు. గొయానియావాసులకు వేరే ఊళ్ళలో హోటళ్ళు గది ఇవ్వలేదు. కలుషితం కాలేదని ధ్రువపత్రాలు పంచవలసి వచ్చింది.

ఇదంతా ఎక్కడో దూరదేశపు సంగతి అనుకోనక్కరలేదు. 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారుకు ఒక విశ్వవిద్యాలయం వేలం వేసిన గామా యంత్రం చేరింది. లోపల కోబాల్టు-60 ఉంది. కొట్టువారి చర్మం నల్లబడి, ఆసుపత్రి పాలైన తరువాతే సంగతి బయటపడింది. ఒక కార్మికుడు మరణించాడు.