టకటకల పుట్టుపూర్వోత్తరాలు

పాత బుల్లెట్ కొన్నవాడికి మొదటి వారంలోనే ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "ట్యాపెట్లు కొడుతున్నాయి, సెట్ చేయించుకో." చెప్పేవాడి దృష్టిలో ఆ టకటక ఒక జబ్బు. నిజానికి వాల్వుకూ దాన్ని నెట్టే భాగాలకూ మధ్య ఉండి ఆ చప్పుడు పుట్టించే సన్నటి సందును ఇంజన్ చేసినవాళ్లు కావాలనే పెట్టారు. అది ఎందుకు వచ్చిందో తెలిస్తే, స్పానర్ ఎప్పుడు పట్టాలో సగం తెలిసినట్టే.

తొలి ఇంజన్లలో ఒక వాల్వుకు ఆ సందుతో పనే లేదు. ఫ్రాన్సులో డి డియోన్ బుటోన్ కంపెనీ 1890లలో చేసిన చిన్న సింగిల్ సిలిండర్ ఇంజన్ ఆ కాలపు మోటారుసైకిళ్లెన్నిటికో మాతృక. అందులో ఇన్‌లెట్ వాల్వును బలహీనమైన స్ప్రింగు మూసిపట్టి ఉంచేది. పిస్టన్ కిందికి దిగితే పుట్టే పీల్పుకు అది తనంతట తానే తెరుచుకునేది. ఇంజన్‌తో పాటు తిరిగే కామ్ నెట్టేది ఎగ్జాస్ట్ వాల్వును మాత్రమే. నిదానంగా తిరిగినంతసేపూ ఈ ఏర్పాటు బాగానే ఉండేది. వేగం పెరిగేసరికి వాల్వు తెరుచుకోవడం ఆలస్యం, మూసుకోవడం ఆలస్యం. హార్లే డేవిడ్‌సన్ 1909లో తెచ్చిన తొలి వి-ట్విన్ ఇలాంటి వాల్వులతోనే వచ్చి నిలదొక్కుకోలేకపోయింది. 1911లో ఇన్‌లెట్ వాల్వును కూడా కామ్‌తో తెరిపిస్తూ మళ్లీ వచ్చాక గానీ ఆ ఇంజన్ కుదురుకోలేదు.

రెండు వాల్వులూ యంత్రం చేతికి వచ్చాక, అంతవరకూ ఎగ్జాస్ట్ వాల్వుకే ఉన్న చిక్కు రెండింటికీ వచ్చింది. ఉక్కు వేడికి సాగుతుంది. పది సెంటీమీటర్ల ఉక్కు కడ్డీని 500 డిగ్రీలు వేడెక్కిస్తే అర మిల్లీమీటరు పైనే పెరుగుతుంది. వాల్వు కాడ అలా పెరిగి తనను నొక్కే రాకర్‌ను తాకి అక్కడే ఆగిపోతే, వాల్వు పూర్తిగా మూసుకోదు. అందుకే చల్లగా ఉన్నప్పుడే కాస్త ఖాళీ వదలడం. అయితే ఇంజన్ వేడెక్కితే పెరిగేది వాల్వు ఒక్కటే కాదు. సిలిండర్, హెడ్ కూడా పెరిగి రాకర్‌ను పైకి లేపుతాయి. ఏది ఎంత పెరుగుతుందన్న లెక్క ఒక్కో ఇంజన్‌కు ఒక్కోలా తేలుతుంది కనుక, ఒక బండి కొలత ఇంకో బండికి పనికిరాదు. "ఏ బండికైనా ఇంతే పెడతాం" అనే మెకానిక్‌కు మాత్రం నేను బండి ఇవ్వను.

ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టి, 1955లో ఏర్పడ్డ ఎన్‌ఫీల్డ్ ఇండియా ద్వారా మద్రాసు తిరువొత్తియూర్‌లో స్థిరపడ్డ పాత బుల్లెట్‌ది ఇంకో తీరు. ఆ లెక్క తేలిన తీరును బట్టి దానికి చల్లని ఇంజన్‌లో సందు సున్నా. కుడివైపు చిన్న మూత తీస్తే, కామ్ కదలికను రాకర్లకు చేరవేసే రెండు పుష్‌రాడ్ల అడుగుభాగాలు కనిపిస్తాయి. పిస్టన్ కంప్రెషన్ చివర పైన నిలిచినప్పుడు, వేళ్లతో తిప్పితే పుష్‌రాడ్ సులువుగా తిరగాలి, కిందికీ పైకీ మాత్రం ఊగకూడదు. సందు కొలిచే ఫీలర్ గేజ్ అక్కర్లేదు, వేళ్లే కొలమానం. బుల్లెట్ మెకానిక్‌లకు ఇతర బండ్ల మెకానిక్‌లంటే కాస్త చిన్నచూపు ఉండేదంటే, ఈ వేళ్ల పనితనమూ ఒక కారణమే అనిపిస్తుంది.

మన ఊళ్లలో ట్యాపెట్ అన్న మాట అందరి నోటికీ ఎక్కింది మాత్రం బుల్లెట్ వల్ల కాదు. రాజ్‌దూత్, జావా, యెజ్డీ, ఆ తర్వాత ఆర్‌ఎక్స్ 100, ఇవన్నీ టూ స్ట్రోక్ బండ్లు. వాటికి ఇలాంటి వాల్వులే లేవు. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చి, దాని వెనక ఫోర్ స్ట్రోక్ బండ్లు ఇంటింటికీ చేరాక కథ మారింది. సీడీ 100 ఇంజన్ జపాన్‌లో 1958లో మొదలైన హోండా సూపర్ కబ్ వంశానిది. కబ్ ఇంజన్లకు హోండా చెప్పిన సందు 0.05 మిల్లీమీటర్లు. తలవెంట్రుక మందం కూడా ఉండదు.

ఇక అసలు ప్రశ్న: సర్దాల్సిన వేళ ఎలా తెలుస్తుంది? చెవి చెప్పేది సగమే. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది కాబట్టి, ట్యాపెట్ చప్పుడు ఇంజన్ లయలో సగం వేగంతో, పైభాగం నుంచి, పొడిగా వినిపిస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను రాకర్ మూతకు ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే ఏ వాల్వుదో కూడా పట్టుకోవచ్చు. సైలెన్సర్ పైపు హెడ్‌ను కలిసే చోట లీకైనా అచ్చం అలాగే టిక్కుమంటుంది. ఎన్నో ట్యాపెట్లు ఆ లీకు పాపానికి అనవసరంగా బిగుసుకున్నాయి.

సందు ఎక్కువైతే గోల, కొంచెం పవర్ తగ్గడం, కాలం గడిస్తే రాకర్ మొన గుంటపడటం. ఇవి ముందుగా హెచ్చరించే తెగుళ్లు. సందు తక్కువైతే ఇంజన్ చప్పుడు మరింత తగ్గుతుంది, కొన్నవాడు మురిసిపోతాడు. ప్రమాదం అక్కడే. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని వాల్వు సీటుకు ఆనినప్పుడే వదిలించుకుంటుంది. ఆనకపోతే అంచు కాలిపోతుంది. అప్పటి గుర్తులు వేరు: చల్లగా ఉన్నప్పుడు బండి స్టార్టవుతుంది, వేడెక్కాక ఐడిలింగ్ నిలవదు, ఆపితే మళ్లీ అంత తేలిగ్గా అందుకోదు, సైలెన్సర్‌లో టపాసులు పేలతాయి. కిక్ మీద బరువు మోపి నిలబడితే, ఆపాల్సిన కంప్రెషన్ ఆపకపోవడంతో కిక్ మెల్లగా కిందికి జారిపోతుంది. పిస్టన్ రింగుల తప్పు కావచ్చని అనుమానమైతే ప్లగ్ తీసి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కిక్ మోపి చూడాలి. బిగువు వస్తే రింగులు, రాకపోతే చాలావరకు వాల్వులే.

పాత బండ్లలో సందు తనంతట తానే తగ్గిపోవడానికి పెట్రోలు కూడా ఒక కారణం. పెట్రోలులో కలిపిన సీసం, వాల్వు సీట్ల మీద పల్చటి పూతలా నిలిచి అరుగుదలను ఆపేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి మన దేశమంతటా సీసం లేని పెట్రోలే. ఆరోగ్యానికి అది మేలే. మెత్తటి సీట్లున్న పాత హెడ్లలో మాత్రం వాల్వు కొద్దికొద్దిగా లోపలికి దిగి, దాని కాడ పైకి తేలి సందును మింగేస్తుంది. చప్పుడు లేదు కదా అని అలాంటి బండిని వదిలేయకూడదు.

ఈ తద్దినమంతా వదిలించుకోవాలని ఇంజనీర్లు ఎప్పుడో ప్రయత్నించారు. ఆయిల్ ఒత్తిడితో సందును దానంతట అదే పూడ్చుకునే ఏర్పాటు 1930 నాటి కాడిలాక్ వి-16 కారులోనే ఉంది. 2009లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ అలాంటి హైడ్రాలిక్ ట్యాపెట్లతోనే వచ్చింది. దానికి సర్దడమన్నదే లేదు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కొన్ని క్షణాలు టకటకమన్నా ఆయిల్ నిండితే ఆగిపోతుంది. ఆగకపోతే చూడాల్సింది ఆయిల్‌ని, స్పానర్‌ని కాదు. తర్వాత 2020లో మెటియోర్‌తో వచ్చిన కొత్త ఇంజన్‌లో కామ్ తలపైకి ఎక్కింది, హైడ్రాలిక్‌లు పోయాయి, రాకర్ చివర మళ్లీ స్క్రూ, నట్టు వచ్చాయి. 2023లో బుల్లెట్‌కూ అదే ఇంజన్ అమరింది. సర్వీసు పట్టికలో ట్యాపెట్ల వరుస మళ్లీ వచ్చి చేరింది, ఈసారి ఫీలర్ గేజ్‌తో సహా.