పోపుల డబ్బాలో కరెంటు

మా ఊరి పేరులోనే బండి ఉంది. బండి ఆత్మకూరు. మా నంద్యాల జిల్లాలో ఇంకో ఆత్మకూరు కూడా ఉంది కనుక, ఆ 'బండి' తగిలించకపోతే ఉత్తరాలే కాదు, చుట్టాలు కూడా దారి తప్పే ప్రమాదం ఉంది. ఇలాంటి ఊళ్ళో పుట్టి కూడా, బండి ఎందుకు కదులుతుందో, ఎందుకు మొరాయిస్తుందో నలభై దాటేదాకా నేను పట్టించుకున్న పాపాన పోలేదు. మొన్న మార్గశిరంలో ఓంకారంలో జరిగిన సంగతితో పట్టించుకోక తప్పలేదు.

మా అన్నయ్య కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. సొంత సంపాదనతో, నాలుగు చక్రాలూ లాగే పాత జీపులాంటి బండి ఒకటి కొనుక్కుంది. వచ్చే జూన్లో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి హిమాచల్ కొండల్లో స్పితి లోయకు ఆ బండి నడుపుకుంటూ వెళ్ళాలని దాని కోరిక. వెళ్ళకూడదని మా వదిన పట్టు. ఇద్దరి మధ్యా నేను.

"ముందు మన నల్లమల అంచున తిప్పి చూద్దాం రా అత్తా" అంటే ముగ్గురం బయల్దేరి ఓంకారం వెళ్ళాం. సిద్ధేశ్వరుడి దర్శనం అయింది. చెట్టు నీడన బండి ఆపి దద్దోజనం తిన్నాం. బండిలోనే చిన్న ఫ్రిజ్, ఫ్యాను, దీపాలు, పాటలు. మహారాణుల్లా కబుర్లు చెప్పుకుంటూ చీకటి పడేదాకా కూర్చున్నాం. తీరా బయల్దేరబోతే బండి 'టిక్ టిక్ టిక్' అని గోడ మీద బల్లిలా పలికింది తప్ప కదల్లేదు.

"ఇదేనా నువ్వు హిమాలయాలకు వేసుకుపోయే బండి?" అంది వదిన. ఆ మాటలో కోపం కంటే భయం ఎక్కువ వినిపించింది నాకు. ఎదురుగా అడవి, ముగ్గురం ఆడవాళ్ళం, చేతిలో పనిచెయ్యని తాళంచెవి.

మా అదృష్టం కొద్దీ అటుగా ఓ ట్రాక్టరు వచ్చింది. "ఏమక్కా, బ్యాటరీ దిగిపాయనా?" అంటూ దిగాడు ఆ అబ్బాయి. ట్రాక్టరు బ్యాటరీకీ మా బ్యాటరీకీ లావుపాటి వైర్లు వేశాడు. ప్లస్సుకు ప్లస్సు. మైనస్సు వైరును మాత్రం చివరగా, మా బ్యాటరీకి కాకుండా ఇంజను ఇనుముకు తగిలించాడు. అదేమని అడిగితే, "బ్యాటరీలోంచి గ్యాసొస్తాదక్కా, ఆడ నిప్పురవ్వ లేసిందంటే పేలతాది" అన్నాడు. బండి గర్జించింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "ఇంటికి పొయ్యేదాకా ఆపొద్దు తల్లీ" అని మాత్రం చెప్పాడు.

ఆ రాత్రి వదిన తీర్పు చెప్పేసింది, స్పితి లేదు గితి లేదని. పిల్ల అన్నం మానేసింది. నేను మాత్రం ఆ బ్యాటరీ అనే పదార్థం సంగతేమిటో చూద్దామని కూర్చున్నాను. చూస్తే అందులో సగం కథ మన ఆడవాళ్ళదే!

1800లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా లోహపు బిళ్ళల మధ్య ఉప్పునీటిలో తడిపిన ముక్కలు పెట్టి, అరిసెల దొంతిలా పేర్చి కరెంటు పుట్టించాడు. కాని అది ఒకసారి అయిపోతే అయిపోయినట్టే. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే అనే ఆయన రెండు సీసపు రేకులను తగలకుండా చాపలా చుట్టి గంధకామ్లంలో ముంచాడు. దాన్ని ఖాళీ చేసి మళ్ళీ నింపుకోవచ్చు! అంటే కరెంటుకు మొదటిసారి నిలవ పచ్చడి పెట్టినవాడు ఆయనే. ఈ రోజుకీ మన కార్లలో ఉన్నవి ఎక్కువభాగం ఆ సీసపు బ్యాటరీ మనవలు, మునిమనవలే.

ఇక కారు విషయం. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, మొగుడికి చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడు చక్రాల కారులో ఇద్దరు కొడుకులనూ ఎక్కించుకుని పుట్టింటికి బయల్దేరింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా నూరు కిలోమీటర్లకు పైమాటే. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తెరిచింది. కరెంటు వైరు ఒరుసుకుపోతే మేజోళ్ళ పట్టీ చుట్టింది. ప్రపంచంలో మొట్టమొదటి సుదూర కారు ప్రయాణం చేసింది ఒక తల్లి! ఈ సంగతి వదినకు చెప్తే "ఆవిడ పుట్టింటికేగా వెళ్ళింది" అంది. వదినతో గెలవడం అంత సులువు కాదు.

ఆ తర్వాత మాత్రం పెట్రోలు కారు ఆడవాళ్ళకు అందకుండా పోయింది. కారణం హ్యాండిల్. ముందువైపు ఇనప కడ్డీ దూర్చి, బలంకొద్దీ తిప్పితేగాని ఇంజను కదిలేది కాదు. అది ఒక్కోసారి వెనక్కి తన్ని మగవాళ్ళ మణికట్లే విరిచేది. అందుకే 1900లో అమెరికాలో తయారైన కార్లలో మూడోవంతుకు పైగా బ్యాటరీతో నడిచేవే ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు. హ్యాండిల్ లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. పెట్రోలు కార్లతో లోకాన్ని నింపేసిన హెన్రీ ఫోర్డు గారి భార్య క్లారా తాను తిరగడానికి వాడుకున్నది డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే బ్యాటరీ కారు! కాకపోతే అవి ఎంతో దూరం పోలేవు. ఆడవాళ్ళకు ఊళ్ళో తిరగడానికి అవి, మగవాళ్ళకు ఊళ్ళు దాటడానికి ఇవి అన్నట్టుండేది వ్యవహారం.

ఆ గోడను కూల్చినవాడు చార్లెస్ కెటరింగ్. అంతకుముందు ఆయన దుకాణాల్లో డబ్బు లెక్క చూసే యంత్రానికి కరెంటు మోటారు అమర్చాడు. ఆ మోటారు రోజంతా తిరగనక్కరలేదు, గల్లాపెట్టె తెరుచుకునేంతసేపు గట్టిగా తిరిగితే చాలు. కారు ఇంజనుకూ అంతే కదా అనుకున్నాడు. 1912 కాడిలాక్ కార్లలో 'సెల్ఫ్' వచ్చింది. మీట నొక్కితే బ్యాటరీ ఒక్క ఊపున ఇంజనును తిప్పుతుంది, తర్వాత ఆ ఇంజనే తిరుగుతూ బ్యాటరీని నింపుతుంది. అప్పు తీసుకుని వెంటనే తీర్చేయడం అన్నమాట. ఇవాళ మా పిల్ల తాళంచెవి తిప్పి ఎంత దూరమైనా వెళ్ళగలుగుతోందంటే దానికి పునాది అక్కడ పడింది.

ఆ తీర్చే పని మొదట డైనమోది. అది ఇంజను నెమ్మదిస్తే దాదాపు ఏమీ ఇవ్వదు. పాత అంబాసిడర్లు ఎక్కినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రైల్వే గేటు దగ్గర ఆగితే దీపాలు మినుకుమినుకుమనేవి. సిలికాన్ డయోడ్లు వచ్చాక, 1960లో అమెరికాలో క్రైస్లర్ వాళ్ళు వేలియంట్ కారులో ఆల్టర్నేటర్ అమర్చారు. అది ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నా కరెంటు ఇస్తుంది. మెల్లగా అన్ని బండ్లకూ అదే వచ్చింది.

బ్యాటరీ తయారీ మనకేమీ పరాయిది కాదు. తిరుపతి దగ్గర కరకంబాడిలో గల్లా రామచంద్ర నాయుడు గారు 1985లో అమరరాజా సంస్థ పెట్టారు. నీళ్ళు పోయనక్కరలేని, మూత బిగించిన బ్యాటరీలు టెలిఫోను ఎక్స్ఛేంజీలకూ రైల్వేలకూ చేసిన ఆ సంస్థే 2000లో అమరాన్ పేరుతో కార్ల బ్యాటరీలకు వచ్చింది.

అంతా బాగానే ఉంది, మరి ఓంకారంలో మా బండి ఎందుకు ఆగింది? దానికి జవాబు నాకు ఏడేళ్ళ వయసులోనే తెలిసి ఉండాల్సింది.

1987లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున రామాయణం వచ్చేది. మా వీధిలో ఒకటే నలుపు తెలుపు టీవీ. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయేది. నాన్న ట్రాక్టరు బ్యాటరీ విప్పి తెచ్చి టీవీకి తగిలించేవాడు. వీధంతా దండాలు పెట్టుకుని చూసేది. సోమవారం ట్రాక్టరు కదిలేది కాదు. "రాముడు తాగేశాడు దాని ప్రాణం" అని నలుగురు కూలీలను పిలిచి తోయించేవాడు నాన్న. ఓంకారంలో మేము చేసిందీ అదే. ఇంటికి చేర్చాల్సిన బ్యాటరీతో ఫ్రిజ్జూ పాటలూ నడిపాం. పైగా దానికి నాలుగేళ్ళు నిండాయి.

బ్యాటరీలు రెండు జాతులు. కారును లేపే బ్యాటరీలో రేకులు పల్చన, ఎక్కువ. అప్పడాల్లాంటివి. నూనెలో వేస్తే క్షణంలో పొంగినట్టు, క్షణంలో వందల యాంపియర్లు ఇస్తాయి. కాని రోజూ అడుగంటా ఖాళీ చేస్తే త్వరగా చచ్చిపోతాయి. మన ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ రేకులు మందం. దిబ్బరొట్టె లాంటివి. నిదానంగా, గంటల తరబడి ఇస్తాయి, అయినా సగానికి మించి ఖాళీ చేయకపోతేనే దీర్ఘాయువు. కాబట్టి దూరప్రయాణం చేసే బండికి రెండు బ్యాటరీలు కావాలి. ఒకటి లేపడానికి, రెండోది వండుకు తినడానికి. పెద్దది ఒకటి కొనేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. పెద్దదైనా ఒక్కటే అయితే అదీ ఓ సాయంత్రానికి దిగిపోతుంది.

రెండోది ఎంతుండాలి? పాల లెక్కలాగే రాసుకోవాలి. చిన్న ఫ్రిజ్ సగటున గంటకు రెండు మూడు యాంపియర్లు తాగుతుంది. వంద యాంపియర్ అవర్ల సీసపు బ్యాటరీలో సగమే మనది, అంటే యాభై. ఫ్రిజ్ ఒక్కటే నడిపినా ఇరవై గంటలు. అదే లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ అయితే ఎనభై దాకా వాడుకోవచ్చు. బరువూ సగం కంటే తక్కువ. సీసపుది కొన్ని వందల సార్లు నింపుకుంటే ఇది రెండు మూడు వేల సార్లు. ధర మాత్రం ఎక్కువ. ఈ పదార్థాన్ని 1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో గుడెనఫ్ బృందం లోకానికి చూపించింది. ఆ పరిశోధనలో మొదటి పేరు ఒక భారతీయుడిది, అక్షయ పాఢీ. గుడెనఫ్ గారికి 2019లో, తొంభై ఏడో ఏట నోబెల్ బహుమతి వచ్చింది.

దీనికీ కొన్ని పట్టింపులున్నాయి. నీళ్ళు గడ్డకట్టే చలిలో దీన్ని ఛార్జి చేయకూడదు. స్పితి రాత్రుళ్ళకు ఇది ముఖ్యం. చలిలో తానే ఛార్జింగు ఆపేసుకునే కాపలా సర్క్యూటు ఉన్నది చూసి కొనాలి, బండి లోపల పెట్టుకోవాలి. ఇంజను వేడి పక్కన అసలే కూడదు. ఆల్టర్నేటర్‌కు నేరుగా కలిపితే ఆకలిగొన్న పిల్లాడిలా కరెంటంతా లాగేసి ఆల్టర్నేటర్‌నే కాల్చేయగలదు. పైగా కొత్త బండ్లలో ఆల్టర్నేటర్ డీజిలు ఆదా కోసం మధ్యలో వోల్టేజి తగ్గించుకుంటుంది. అందుకని మధ్యలో డీసీ టు డీసీ ఛార్జరు అని ఒకటి పెడతారు. అది కొలిచి, తగినంతే వడ్డిస్తుంది. ఇంజను ఆగితే తలుపు మూసేస్తుంది. ఇక రెండో బ్యాటరీ అడుగంటినా మొదటిది ముట్టుకోబడదు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టడం మరిచిపోకూడదు. ఒకేచోట రెండు రోజులు ఆగేవాళ్ళు పైకప్పు మీద వంద వాట్ల సోలార్ పలక పెట్టుకుంటే, ఎండ బాగా కాసిన రోజు ముప్ఫై యాంపియర్ అవర్ల దాకా వస్తుంది.

ఇదంతా కాగితం మీద బొమ్మ గీసి మా పిల్ల వాళ్ళమ్మకు చెప్పింది. "ఇది ఖర్చులకు. ఇది ముట్టుకోరాదు, ఇంటికి రావడానికి."

వదిన చాలాసేపు ఆ బొమ్మ చూసింది. "అంటే పోపుల డబ్బాలో డబ్బన్నమాట" అంది.

మా అమ్మ మెంతుల కింద ఎప్పుడూ ఒక ఐదు రూపాయల నోటు ఉండేది. ఇంట్లో ఉప్పు లేకపోయినా ఆ నోటు తీసేది కాదు. అది పుట్టింట్లో ఎవరికైనా బాగాలేదని కబురొస్తే నంద్యాల వెళ్ళి రావడానికి బస్సు ఛార్జీ. అత్తారింట్లో ఉన్న ఆడదానికి తిరిగొచ్చే దారి ఆ నోటే. వదిన దగ్గరా అలాంటి డబ్బా ఉంది, నా దగ్గరా ఉంది. మీ దగ్గర లేదంటే నేను నమ్మను.

వదిన లేచి వంటింట్లోకి పోయింది. "లేపే బ్యాటరీ కూడా కొత్తది వేయించు, నాలుగేళ్ళ ముసలిది వద్దు" అని లోపల్నుంచి కేక. పిల్ల నా వైపు చూసి కళ్ళెగరేసింది.

తర్వాత ఇంకో కేక వినపడింది. "రోజూ సాయంత్రం ఫోను చెయ్యాలి. ఛార్జింగు అయిపోయిందనే వంక ఇక చెల్లదు!"