ఇన్‌లైన్ హాకీ: వృత్తి క్లబ్బుల చేయూత

ఒకే వరుసలో చక్రాలున్న స్కేట్లు తొడుక్కుని, మంచు లేని నున్నటి నేలమీద ఆడే హాకీ ఇది. గోల్‌కీపరుతో కలిపి జట్టుకు అయిదుగురు బరిలో ఉంటారు. 1980లో అమెరికాలోని మినియాపోలిస్‌లో ఐస్ హాకీ ఆడే ఓల్సన్ సోదరులు, మంచు లేని నెలల్లో సాధన కోసం ఈ స్కేట్లకు మెరుగులు దిద్ది రోలర్‌బ్లేడ్ సంస్థకు పునాది వేశారు. ఇన్‌లైన్ హాకీ ఐస్ హాకీ ఇంటి బిడ్డే కాబట్టి, దాన్ని సాకే బాధ్యతలో ఆ ఇంటికీ వాటా ఉంది. 1993లో మొదలైన రోలర్ హాకీ ఇంటర్నేషనల్ అనే వృత్తి లీగు 1999తో ఆగిపోయింది. అంటే లీగు ఒక్కటే చాలదు; ఆటను నిలబెట్టేది పిల్లలకు అందుబాటులో ఉన్న స్థలం. కాలిఫోర్నియాలో ఐస్ హాకీ క్లబ్బు అనాహైమ్ డక్స్ యాజమాన్యం ఐస్ రింకులతో పాటు ఇన్‌లైన్ రింకులనూ నడిపింది.

రేపటి ప్రేక్షకుల కోసమే క్లబ్బులు ఇదంతా చేస్తాయన్న విమర్శ ఉంది. కావచ్చు, అయినా పిల్లవాడికి దొరికిన రింకు రింకే. మంచు ఎరగని ఊళ్లకు ఇదెందుకన్న ప్రశ్న ఇంకా గట్టిది. చెన్నై రాయపురాన్నే తీసుకోండి. పక్కనున్న కాసిమేడు రేవులో ఐసు చేపల కోసం: గడ్డలు నలగ్గొట్టి, పెట్టెల్లో చేపల మధ్య పొరలుగా వేస్తారు. చెన్నైలోనే 1842లో కట్టిన ఐస్ హౌస్‌కు అమెరికా ఓడల్లో వచ్చిన మంచూ ఆటకోసం రాలేదు. అయితే అనాహైమ్ కూడా ఎండల ఊరే. చక్రాలు అక్కడ పనికొచ్చింది అందుకే. మన దేశంలో ఈ ఆట రోలర్ స్కేటింగ్ సమాఖ్య పరిధిలో ఉంది. సాయం చేయదలచిన క్లబ్బులు, దాతలు రాయపురం లాంటి పేటల్లో ముందు నున్నటి సిమెంటు నేల, హెల్మెట్లు, నేర్పే మనిషిని సమకూర్చాలి.