ఫొటో తీయడం ఎవరు నేర్పారు?

ఇవాళ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలు 1859లో మద్రాసు నుంచి ఓడెక్కాయి. అంతకు ఏడాది ముందు మద్రాసు మ్యూజియంలో వాటిని ఒకాయన ఫొటోలు తీశాడు. పేరు లినేయస్ ట్రైప్. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారి. వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతి దిబ్బ తవ్వించి మద్రాసు చేర్చిన రాళ్లు కనుక వాటిని అప్పట్లో ‘ఇలియట్ మార్బుల్స్’ అనేవాళ్లు.

రాతి చెక్కడాన్ని ఫొటో తీయడం చూసినంత సులువు కాదు. వెలుతురు ఎదురుగా పడితే చెక్కడమంతా చదునైపోతుంది. పక్కనుంచి ఏటవాలుగా పడితేనే ఉలి దిగిన లోతు తెలుస్తుంది. ఇలాంటి సంగతులు ట్రైప్‌కు ఎవరు చెప్పారు? ఫొటోగ్రఫీ బయటి ప్రపంచానికి తెలిసి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఆయన చదివింది సైనిక విద్య. మరి నేర్చుకున్నది ఎలా? ఈ ప్రశ్న వెంట పోతే ఫొటోగ్రఫీ చదువుకు నూట ఎనభై ఏళ్ల చరిత్ర కనిపిస్తుంది. అందులో మూడు దారులు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి: పుస్తకం, నలుగురి విమర్శ, ఎవరో అప్పగించిన పని.

పుస్తకం చాలలేదు

1839 ఆగస్టు 19న పారిస్‌లో లూయీ డాగెర్ కనిపెట్టిన పద్ధతిని శాస్త్రవేత్త అరాగో సభాముఖంగా వివరించాడు. ఫ్రెంచి ప్రభుత్వం డాగెర్‌కు జీవితాంతం పింఛను ఇచ్చి ఆ రహస్యాన్ని కొనుక్కుంది. వెంటనే డాగెర్ రాసిన చిన్న పుస్తకం అచ్చయింది. నెలల్లోనే అనేక భాషల్లోకి వెళ్లింది. ఫొటోగ్రఫీకి మొదటి పాఠ్యపుస్తకం అదే.

అందులో ఉన్నదంతా పని వరస. వెండి పూత పూసిన రాగి పలకను అద్దంలా మెరిసేదాకా తుడవాలి. అయోడిన్ ఆవిరి పట్టించాలి. కెమెరాలో పెట్టి నిమిషాల తరబడి వెలుతురు తగలనివ్వాలి. ఆపైన వేడిచేసిన పాదరసం ఆవిరి మీద పట్టుకుంటే బొమ్మ తేలుతుంది. రాసింది రాసినట్టు చేసినా అందరికీ బొమ్మ పడలేదు. చివరికి డాగెర్ స్వయంగా జనం ముందు చేసి చూపించాల్సి వచ్చింది. తుడవడం ఎంతసేపో పుస్తకం చెప్పగలదు. చాలినంత తుడిచామని చేతికి తెలియాలంటే తెలిసినవాళ్లు చేస్తుండగా చూడాలి.

ఇంగ్లండులో హెన్రీ ఫాక్స్ టాల్బట్ ఇంకో రకం పుస్తకం వేశాడు. 1844 నుంచి 1846 దాకా భాగాలుగా వచ్చిన ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’లో 24 ఫొటోలున్నాయి. ఒక్కో ఫొటో పక్కన అది ఎందుకు తీశాడో, ఫొటో ఏ పనికి వస్తుందో రాశాడు. తెరిచిన తలుపు, దానికి ఆనించిన చీపురు ఉన్న ఫొటో చాలా ప్రసిద్ధం. మామూలు మనిషి దాటిపోయే చోట చిత్రకారుడి కన్ను ఆగుతుందని టాల్బట్ అక్కడ గుర్తుచేస్తాడు. డాగెర్ చెప్పింది ఎలా తీయాలో. టాల్బట్ ఎత్తుకున్నది ఏం చూడాలో. ఈ రోజుకీ ఫొటోగ్రఫీ పుస్తకాలు ఈ రెండు కోవల్లో ఏదో ఒకదానికి చెందినవే.

మద్రాసు ఎండలో కొత్త పాఠాలు

కెమెరాలు మన దేశానికి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 1840 నాటికే కలకత్తాలో అమ్మకానికి ఉన్నాయి. వాటితో వచ్చిన పుస్తకాలే మొరాయించాయి. లండన్ చలికి రాసిన పాళ్లు ఇక్కడి వేడికి పనికి రాలేదు. 1851లో వచ్చిన కొలోడియన్ పద్ధతిలో గాజు పలక మీద మందు తడిగా ఉండగానే ఫొటో తీసి కడిగేయాలి. మన వేసవిలో ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది? అందుకే ట్రైప్ మైనం పట్టించిన కాగితపు నెగటివ్‌లు ఎంచుకున్నాడు. అవైతే ముందే సిద్ధం చేసి ప్రయాణంలో వెంట తీసుకుపోవచ్చు.

ఇలాంటి సంగతులు ఒకరికొకరు చెప్పుకోవడానికే సంఘాలు పుట్టాయి. 1854లో బొంబాయిలో, 1856లో కలకత్తాలో, మద్రాసులో ఫొటోగ్రఫిక్ సొసైటీలు ఏర్పడ్డాయి. సభ్యులు తమ ప్రింట్లు తెచ్చి బల్ల మీద పెట్టేవారు. మందుల పాళ్ల మీద వ్యాసాలు చదివేవారు. ఒకరి ప్రింటులో తప్పు ఇంకొకరు పట్టేవారు. ట్రైప్ కూడా ఇంగ్లండులో సెలవు మీద ఉన్నప్పుడు, 1853లో, లండన్ సొసైటీలో చేరినవాడే.

మద్రాసుకు ఇంకో వసతి ఉంది. వైద్యుడు అలెగ్జాండర్ హంటర్ 1850లో సొంత ఖర్చుతో అక్కడ ఆర్ట్స్ స్కూల్ పెట్టాడు. కొన్నేళ్లకు దాన్ని ప్రభుత్వం తీసుకుంది. బొమ్మలు గీయడం, కుండల పని, చెక్క మీద చెక్కడంతో పాటు ఫొటోగ్రఫీ కూడా అక్కడ పాఠమైంది. ట్రైప్‌కు సహాయకుడిగా పనిచేసిన సి. అయ్యస్వామి ఆ స్కూలు ఫొటోగ్రాఫరే. దక్షిణాదిలో ఈ విద్య దొరల చేతి నుంచి మనవాళ్ల చేతికి వచ్చిన తొలి దారుల్లో అదొకటి.

కంపెనీ ఈ విద్యకు డబ్బు పెట్టడానికి కళాభిమానం ఒక్కటే కారణం కాదు. గుళ్లు, శాసనాలు గీయించడానికి చిత్రకారులను పెట్టుకోవడం కన్నా ఫొటో చవకన్న లెక్క ఉంది. అందుకే 1855లో ఇంగ్లండులోని తన అడిస్కోంబ్ సైనిక కళాశాలలో ఫొటోగ్రఫీ నేర్పించడం మొదలుపెట్టింది. 1856లో ట్రైప్‌ను మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా వేశారు. తంజావూరు పెద్ద గుడి అధిష్ఠానం చుట్టూ ఉన్న శాసనాన్ని ముక్కలు ముక్కలుగా తీసి, 21 ప్రింట్లు వరసగా అతికించి ఒకే పటం చేశాడు. ఆ కాలపు నెగటివ్‌లలో ఆకాశం ఉత్త తెల్లగా వచ్చేది. ట్రైప్ నెగటివ్ మీద కుంచె పట్టి మబ్బులు వేసేవాడు. ఫొటోలో ఏదైనా దిద్దితే అది మోసమనే వాళ్లు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది. దిద్దుబాటు వయసు కూడా దాదాపు ఫొటో వయసంతే.

కొత్తగా వచ్చిన గవర్నరు ట్రెవెల్యాన్ ఈ పనంతా విలాసమని తేల్చడంతో 1860 నాటికి ట్రైప్ విభాగం మూతపడింది.

కొలతలు వేసే కన్ను

మన హైదరాబాదు ఫొటో చరిత్రలో పెద్ద పేరు రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజినీరింగ్ చదివి, 1866లో ఇండోర్ పబ్లిక్ వర్క్స్‌లో ఉద్యోగానికి చేరాడు. పని ఎస్టిమేట్లు వేయడం, ప్లాన్లు గీయడం. కెమెరా పట్టింది 1874 ప్రాంతంలో, ముప్ఫై ఏళ్ల వయసులో.

ఆయన తీసిన కోటలు, గుళ్లు చూస్తే ఆ చదువు ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. గోడలు నిటారుగా నిలుస్తాయి. మెట్ల వరసలు చూపును తిన్నగా గుమ్మం దాకా తీసుకెళతాయి. కట్టడం ఎంత ఎత్తో చెప్పడానికి మనిషిని ఎక్కడ నిలబెట్టాలో ఆయనకు తెలుసు. ఎలివేషన్ గీసిన చెయ్యి కెమెరా స్టాండు ఎక్కడ పెట్టాలో నిర్ణయించిందన్నమాట.

దానికి తోడు పని దొరికింది. మధ్య భారతంలో బ్రిటిష్ ప్రభుత్వ ఏజెంటు లెపెల్ గ్రిఫిన్ 1882లో ఆయన్ను వెంటబెట్టుకుని బుందేల్‌ఖండ్, గ్వాలియర్, ఖజురహో, సాంచీ తిరిగాడు. ఆ ఫొటోలతో 1886లో ‘ఫేమస్ మాన్యుమెంట్స్ ఆఫ్ సెంట్రల్ ఇండియా’ పుస్తకం వచ్చింది. రోజుకో వెలుతురు, ఊరికో కట్టడం, గడువు లోపల పని. ఏ తరగతి గదీ ఇవ్వలేని సాధన అది. ఆ తరవాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో చేరాడు. సికింద్రాబాదులో స్టూడియో తెరిచాడు. ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందాడు. కొడుకులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్‌లకు విద్య నేర్పి అదే పనిలో పెట్టాడు. 1905లో కన్నుమూశాడు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివ్‌లను సేకరించింది. వాటి ప్రింట్లు ఎక్కడైనా ప్రదర్శనకు పెడితే ఫొటో నేర్చుకునేవాళ్లు వదులుకోకూడదు.

పత్తి కుప్ప ఎందుకు మాసినట్టు వస్తుంది?

ఇరవయ్యో శతాబ్దంలో ఈ విద్యకు లెక్క కట్టినవాడు అమెరికాకు చెందిన యాన్సెల్ ఆడమ్స్. చదివింది పియానో. 1927 ఏప్రిల్ 10న యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ కొండ ఎదుట నిలబడ్డాడు. మిగిలినవి రెండే పలకలు. ఒకటి పసుపు ఫిల్టరుతో తీశాడు. తీశాక అనుమానం వచ్చింది: ఆకాశం పాలిపోయి వస్తుంది, తనకు కలిగిన గాంభీర్యం అందులో ఉండదు. చివరి పలకకు ముదురు ఎర్ర ఫిల్టరు పెట్టాడు. ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది, కొండ వెలిగింది. ప్రింటు ఎలా రావాలో మీట నొక్కకముందే మనసులో చూసుకోవాలన్న ఆయన సిద్ధాంతానికి అది తొలి మెట్టు.

1940 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్ ఆర్ట్ సెంటర్ స్కూల్లో ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి ఆ ఆలోచనను ‘జోన్ సిస్టమ్’గా పాఠం చేశాడు. కటిక నలుపు సున్నా, కాగితపు తెలుపు పది, నట్టనడుమ బూడిద రంగు అయిదు. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఎదుట ఏమున్నా దాన్ని ఆ అయిదుకే తేవాలని చూస్తుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో తెల్లటి పత్తి కుప్పను ఫ్రేము నిండా తీసి చూడండి, మాసిన దుప్పటిలా వస్తుంది. నల్లటి గేదెను దగ్గరగా తీస్తే బూడిద పూసినట్టు ఉంటుంది. పత్తికి ఎక్స్‌పోజరు ఒక స్టాపు పెంచాలి, గేదెకు తగ్గించాలి. చాలా ఫోన్లలో తెర మీద వేలితో తాకి, అక్కడ కనిపించే సూర్యుడి గుర్తును పైకో కిందికో జరిపితే ఆ పనే జరుగుతుంది. ఆడమ్స్ జోన్లన్నీ ఆ వేలి కదలికలో ఉన్నాయి.

ఆయన రాసిన ‘ది కెమెరా’, ‘ది నెగటివ్’, ‘ది ప్రింట్’ 1980-83 మధ్య చివరి రూపంలో వచ్చాయి. ఫిల్ము పోయినా వాటికి గిరాకీ పోలేదు. అయితే ఆడమ్స్ పుస్తకాలతోనే ఆగలేదు. 1946లో శాన్‌ఫ్రాన్సిస్కో కళాశాలలో ఫొటోగ్రఫీ శాఖ పెట్టాడు. 1955 నుంచి యోసెమిటీలో ఏటా వర్క్‌షాపులు నడిపాడు.

ఎర్ర బల్బు కింద

మన ఊళ్లలో ఈ చదువు స్టూడియోల్లో సాగింది. కుర్రాడు పనికి చేరితే ముందు ఊడవడం, ట్రేలు కడగడం, లైట్లు పట్టుకోవడం. డార్క్‌రూములోకి పిలుపు వచ్చేది ఆ తరవాతే. ఎర్ర బల్బు వెలుగులో తెల్ల కాగితం డెవలపర్‌లో ముంచి ట్రే మెల్లగా ఊపుతుంటే ముందు జుట్టు, ఆ వెనక కళ్లు, చివరికి ముఖం తేలేవి. ఎప్పుడు తీయాలో గడియారం చెప్పదు, మాస్టర్ చెప్పాలి. తీసి నీళ్లలో ముంచి హైపోలో వేయాలి. ఆలస్యమైతే ముఖం నల్లబడి కాగితం దండగ. పక్కన వాలు బల్ల మీద ఇంకొకాయన మొన తేలిన పెన్సిలుతో నెగటివ్ మీద మచ్చలు దిద్దుతూ ఉండేవాడు. మందు కలిపే పాళ్లు కొందరు మాస్టర్లు అంత తేలిగ్గా చెప్పేవాళ్లు కాదు. విద్య గుట్టుగా ఉన్నంతకాలమే గిరాకీ.

బయట ఔత్సాహికుల చేతుల్లో ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. 120 రీలుకు 12 ఫొటోలు. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసిన ‘ఇందు’ రీళ్లు దొరికేవి. ఫిల్ము డబ్బాలోని చిన్న కాగితం మీద ఎండకు ఇంత, మబ్బుకు ఇంత, నీడకు ఇంత అని ఉండేది. ఎందరికో చేతికందిన ఏకైక పాఠ్యపుస్తకం అదే. పన్నెండే కనుక ప్రతి ఫొటోకూ ముందు ఆలోచన ఉండేది.

ఇప్పుడు ఏం కొరత?

మూడు దారుల్లో పుస్తకం ఇవాళ దాదాపు ఉచితం. స్టాన్‌ఫర్డ్‌లో బోధించిన మార్క్ లెవోయ్ డిజిటల్ ఫొటోగ్రఫీ పాఠాలు ఎవరైనా చూడొచ్చు. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువు ఉంది. కెమెరా అందరి జేబుల్లో ఉంది. అయినా చాలామంది ఒక మెట్టు దగ్గర ఆగిపోతున్నారంటే మిగతా రెండు దారులూ మూసుకుపోయాయని అర్థం.

అప్పగించిన పని విలువ తెలియాలంటే 1930ల్లో అమెరికా ప్రభుత్వం కరవు పల్లెలకు పంపిన ఫొటోగ్రాఫర్లను చూడాలి. వాళ్ల అధికారి రాయ్ స్ట్రైకర్ ఏం తీయాలో జాబితాలు రాసి పంపేవాడు. సాయంత్రం పూట ఇళ్లలో జనం ఏం చేస్తారన్నది వాటిలో ఒకటి. ఆ ఫొటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో అందరికీ అందుబాటులో ఉన్నాయి. డొరోథియా లాంగ్ 1936లో తీసిన ‘మైగ్రెంట్ మదర్’ అందరికీ తెలుసు. అదే తల్లిని ఆమె అప్పుడే తీసిన మిగతా ఫ్రేములు కూడా అక్కడే ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టుకుంటే లాంగ్ ఎలా దగ్గరికి జరిగిందో, గుడారంలో ఏమేం వదిలేసిందో కనిపిస్తుంది. నేర్చుకునేవాడికి పేరున్న ఫొటో కన్నా పక్కన పెట్టేసిన ఫ్రేములే ఎక్కువ చెబుతాయి. అలాంటి జాబితా మనకు మనమే రాసుకోవచ్చు. మన వీధిలో పొద్దున అయిదింటికి పని మొదలుపెట్టేవాళ్లు ఎవరు? నెల పాటు అదొక్కటే తీయాలి.

ఇక విమర్శ. ఫోన్‌లో వచ్చే మెచ్చుకోలు గుర్తుల్లో అది దొరకదు. డాగెర్ పద్ధతి వెల్లడైన ఆగస్టు 19 వస్తే మన జిల్లా, మండల కేంద్రాల్లో ఫొటోగ్రాఫర్ల సంఘాలు డాగెర్ పటానికి దండ వేస్తాయి, ర్యాలీలు తీస్తాయి, పండ్లు పంచుతాయి. అది మంచి ఆచారమే. ఆ మధ్యాహ్నం ఇంకో రెండు గంటలు కూర్చుని, తలా అయిదు ప్రింట్లు బల్ల మీద పరిచి, మొహమాటం లేకుండా మాట్లాడుకుంటే 1856లో మద్రాసు సొసైటీ చేసిన పనే ప్రతి ఊళ్లోనూ మళ్లీ మొదలవుతుంది. దానికి ఫీజు అక్కర్లేదు. తప్పు చెబితే నొచ్చుకోని మనుషులు నలుగురుంటే చాలు.